మా యింటికి వచ్చిన జిట్రేగి మాండొలిన్



వీణను గూర్చి మన పత్రికలలో వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఫిడేలును గూర్చియు కొందఱు వ్రాసిరి. మాండొలిన్ అను చిన్న వాద్యమును గూర్చి యొక గృహిణి వ్రాసినది మాత్రము మా కంటబడలేదు. ఇరువది దినముల క్రిందట మేమొక మాండొలినును కొంటిమి కనుక నీ మాసము మా ముచ్చట దానిని గూర్చియే. ఇరువది దినములలో నొక వాద్యమును గూర్చి తీర్పు చెప్పుట సాహసమే. ఐనను క్రొత్త కోడలిని గూర్చి మొదటి నెలలో తోచిన సంగతులు ఆరవ నెలలో తోచవు. అలవాటు కన్నులకు పొరలు గప్పును. అందుచేత తోచినవి తోచినట్లు వ్రాయుచున్నాము.

అది మా గడప దాటి లోనికి వచ్చినది మొదలు చూడవచ్చిన వారెల్లరు నొక్కటే ప్రశ్న వేయుచున్నారు: "అమ్మాయికా, అబ్బాయికా?" అని. "మాకే" యని చెప్పగా ఒక్క క్షణము మాటలాడక, పిదప "మంచిదే" యందురు. ఆ "మంచిదే" లో నెంత ఆశ్చర్యమున్నదో విన్నవారికే తెలియును. ముప్పది దాటి, ఇద్దఱు బిడ్డలు బడికి పోవుచుండగా, ఆడుది తనకై యొక వాద్యము కొనుక్కొనుట మన యిండ్లలో నింకను సంజాయిషీ చెప్పుకొనవలసిన పనిగానే యున్నది.

సొమ్ము సంగతి కూడ చెప్పవలయును. సాయంకాలము మా యింటికి శతకపద్యములు, శబ్దమంజరి చెప్పించుకొనుటకు కొందఱు పిల్లలు వచ్చెదరు. వారి తల్లిదండ్రులిచ్చిన దానిని రెండేండ్లు కూడబెట్టగా పదునెనిమిది వేల రూపాయలైనవి. మా అత్తగారు ఆ సొమ్ముతో అమ్మాయికి గాజులు చేయింతుమని తలచియుండిరి. మావారు లెక్కల ఉపాధ్యాయులు. ఈనాటి ధరకు ఆ పైకము ఒక గాజునకైనను చాలదని కాగితముమీద వేసి చూపిరి. అత్తగారు కాగితమువంక చూడలేదు. "ముక్కయినా బంగారం బంగారమే. కర్ర కర్రే" అనిరి. ఆ మాటకు మావారి యొద్దను సమాధానము లేదు, మా యొద్దను లేదు. ఆపదవేళ బంగారము తాకట్టునకు పనికివచ్చును. మాండొలినును తీసికొని బ్యాంకునకు పోయినచో ఎవరును రూపాయి ఈయరు. ఇది తెలిసియే కొంటిమి.

ఇక వాద్యపు ముచ్చటకు వత్తము. రోజ్‌వుడ్డు అని అంగళ్లలో పిలుచుచున్నది మన జిట్రేగియే. దీనినే కొన్ని తావుల ఇరుగుడు అందురు. పాత యిండ్లలో పందిరిమంచములకును, పడకకుర్చీలకును వాడిన నల్లచారల చేవకర్ర ఇదియే. పడమటి కనుమలలో, మైసూరు, మలబారు, నీలగిరి ప్రాంతముల అడవులలో పెరుగును. అప్పుడే కోసిన చెక్కకు గులాబీవంటి వాసన యుండుట వలన ఆంగ్లేయులు దానికా పేరు పెట్టిరి. మా మాండొలిన్ వీపు ముదురు వంకాయవన్నెపై నల్లని చారలతో, ఎండబెట్టిన చింతపండు నుండవలె నిగనిగలాడుచున్నది. పొగడ్తకు పోలిక బాగుగా లేదని మావారనిరి కాని ఆ వన్నెకు మాకింకొక పోలిక దొరకలేదు.

కొనదలచిన వారికొక మాట. అంగడిలో "రోజ్‌వుడ్డు" అని చెప్పిన వాద్యములన్నియు లోనివఱకు రోజ్‌వుడ్డు కావు. చౌకచెక్క పొరలను జిగురుతో నతికి, పైన మాత్రము పలుచని రోజ్‌వుడ్డు రేకు నంటించుటయు కలదు. దానిని కనిపెట్టుటకొక సులభోపాయము. వాద్యము నడుమనున్న రంధ్రములోనుండి వీపుపలక లోపలి ముఖమును దీపపు వెలుతురున చూడవలయును. పైన కనబడిన నల్లచార లోపలను అదే తావున, అదే వంపుతో కనబడెనేని అది యొకే చెక్క. లోపల వేఱొక చెక్క కనబడినచో అది పైపూత. మేము చరవాణి దీపము పట్టి మూడు వాద్యములను ఇట్లు పరీక్షింపగా మొదటి రెండును పైపూతలే యైనవి. అంగడివాడు ముఖము చిన్నబుచ్చుకొనెను. బియ్యము కొనునపుడు గుప్పెడు తీసి చూడని గృహిణి యెవరు? ఇదియు నంతే.

ఈ చెట్టు మెల్లగా పెరుగునది. నరికినంత వేగముగా మొలవదు. అడవులలో తగ్గిపోవుచుండుటచే 2017లో ఈ జాతి చెట్లన్నిటి కలప విదేశవాణిజ్యమునకు అంతర్జాతీయ నియమములు విధించిరి. 2019లో పూర్తిగా తయారైన సంగీతవాద్యములకు మాత్రము సడలింపు నిచ్చిరి. కనుక ఇట్టి వాద్యము నొకటి కొన్నవారు దానిని మనుమరాలి కాలము వఱకు కాపాడుట న్యాయమని మాకు తోచును.

పైపలక మాత్రము జిట్రేగి కాదు. స్ప్రూస్ అను చలిదేశపు చెట్టుది. లేతపసుపు వన్నె, సన్నని నిలువుగీతలు. బరువున జిట్రేగికి ఇంచుమించు సగమే. తీగ కదలిక ముందుగా ఈ తేలికపలకకు తగులును. అది కదలి గాలిని కదల్చును. వెనుకనున్న బరువుచెక్క ఆ నాదమును త్రాగివేయక మరలించి పంపును. పాశ్చాత్యులు వీపునకు మేపుల్ అను చెక్కను ఎక్కువగా వాడుదురు. దాని నాదము ఖంగుమని పుట్టి త్వరగా ఆగును. జిట్రేగి నాదము కొంచెము లోతుగా నుండి, మీటు ముగిసిన పిదపను గుంయిమని కొంతసేపు నిలుచును. అంగడిలో రెండింటిని ప్రక్కప్రక్కన మీటించుకొని వింటిమి. మన సంగీతమునకు స్వరము నిలువవలయును గదా! అందుచేత జిట్రేగినే యెన్నుకొంటిమి.

దీని పుట్టిల్లు ఇటలీ దేశము. మండోలా యను పెద్ద వాద్యమునకిది చిన్న చెల్లెలు; పేరులోనే ఆ చిన్నతనమున్నది. నేపుల్సు నగరమున వినాచ్యా యను వంశమువారు తరతరములుగా దీనిని చేసి ప్రసిద్ధులైరి. నేపుల్సు మాండొలిన్ల వీపు సగముకోసిన బూడిదగుమ్మడివలె నుబ్బియుండును. సన్నని చెక్కపేళ్లను వంచి ప్రక్కప్రక్కన అతికి ఆ వీపును కట్టుదురు. ఆ పేళ్లకు రోజ్‌వుడ్డును విరివిగా వాడిరి. మాది అట్టిది కాదు, చదును వీపుది. ఒడిలో జారదు.

ఆ దేశమున ఈ వాద్యము స్త్రీల చేతులలో చక్కగా పెరిగినది. 19వ శతాబ్ది చివర ఇటలీకి రాణియైన మార్గెరీటా దానిని ఆదరించుటచే కులీనస్త్రీలు పలువురు నేర్చిరి. అంతకు నూఱేండ్లకు పైగా ముందు వెనీసు నగరమున అనాథబాలికల ఆశ్రమమొకటి సంగీతమునకు పెట్టినది పేరుగా నుండెడిది. మాండొలినునకు గొప్ప రచనలు చేసిన వివాల్డీ యనునాతడు అచ్చట గురువు. తల్లిదండ్రులెవరో తెలియని ఆడుపిల్లలు అచ్చట వాద్యగోష్ఠి చేయుచుండగా వినుటకు దూరదేశములనుండి జనులు వచ్చెడివారు. ఇది చదివినపుడు మాకు కళాపూర్ణోదయము జ్ఞప్తికి వచ్చినది. తుంబురుని గెలువవలెనని నారదుడంతటివాడు ద్వారకకు పోయి శ్రీకృష్ణుని భార్యల యొద్ద శిష్యరికము చేసినట్లు పింగళి సూరన చెప్పినాడు గదా! గానవిద్యలో ఆడువారిని గురుపీఠమున కూర్చుండబెట్టుట మన కవులకు క్రొత్త కాదు. ఇంటిలో కూర్చుండబెట్టుటయే కష్టము.

మన తెలుగునాట మాండొలిన్ పేరు చెప్పగానే పాలకొల్లు పేరు చెప్పవలయును. ఉప్పలపు శ్రీనివాస్ అచ్చట 1969లో జన్మించెను. తండ్రి క్లారినెట్ విద్వాంసుడు. ఇంటనున్న మాండొలినును పిల్లవాడు తీసి వాయింపగా చూచి సంగీతము చెప్పించెను. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడి వినిపింపగా బాలుడు దానిని తీగలపై పలికించెడివాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, అప్పటికి తొమ్మిదేండ్లు. పాశ్చాత్యుల చిన్నవాద్యము కర్ణాటక సంగీతమునకు పనికిరాదన్న పెద్దలే పిదప తలలూపిరి. 2014లో నలువదియైదేండ్లకే ఆయన కాలధర్మము చెందుట మన దురదృష్టము. శ్రీఉష, శిరీష యను అక్కచెల్లెండ్రు మాండొలిన్ సిస్టర్స్ అను పేర కచేరీలు చేసి ఖ్యాతి గాంచుట కూడ సోదరీమణులు గమనింపదగినది.

మా ప్రక్కయింటి అమ్మాయి మాత్రము ఈ పెద్దల పేర్లేమియు నెత్తలేదు. చూడగానే "పిన్నిగారూ, ఇది దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే లో షారుఖ్ చేతిలో ఉన్నదే కదా!" అనెను. ఆ చిత్రము 1995 నాటిది. ఆ పిల్ల పుట్టుటకు ఎంతో ముందటిది. కీర్తికి ఎన్ని త్రోవలో!

దీనికి ఎనిమిది తీగలు. రెండేసి జంటలుగా నాలుగు. పాశ్చాత్యుల పద్ధతిని వాని శ్రుతి ఫిడేలు శ్రుతియే. మన పద్ధతికి మూడవ, నాలుగవ జంటలను ఒక్కొక్క స్వరము దించినచో షడ్జము, పంచమము, మరల షడ్జము, పంచమము అగును. ఇచ్చట మాకొక సంతోషము కలిగినది. అడుగుజంట నాదము సెకనునకు 196 కంపనములు. అది అయిదు శ్రుతి. మన ఆడువారిలో పెక్కుమంది పాడు శ్రుతి అదియే, లేదా దానికి అటునిటు. అనగా ఉత్తతీగను మీటినంతనే మన గొంతులోని ఆధారషడ్జము పలుకును. వాయించుచు పాడుకొనుటకు వేఱే యేర్పాటు వలదు. మేము పెండ్లికి ముందు తండ్రిగారి యొద్ద కావ్యపాఠముతో పాటు గాత్రమున వర్ణముల వఱకు నేర్చియుంటిమి. పదునాలుగేండ్ల పిదప ఆ శ్రుతిలో గొంతు కలుపగా పైషడ్జము అందలేదు. మూడవ వారమున అందినది. లోపమేమనగా, ఆధారషడ్జమునకు క్రింద తీగ లేదు కనుక మంద్రస్థాయి సున్న. ఆనందభైరవి వంటి రాగమున క్రిందికి దిగి విశ్రమింపదలచిన వారికి నేల తగిలినట్లుండును.

తీగల సన్నదనము చూచిన ఆశ్చర్యము కలుగును. పైజంట తీగ లావు మిల్లీమీటరులో పావువంతునకు కొంచెము అటునిటు. కాని శ్రుతిలో నుంచినపుడు ఎనిమిదింటి లాగుడు కలిసి 70, 80 కిలోల బరువునకు సమానము. అనగా కిలో బరువుండు చిన్న పెట్టెపై ఒక పెద్దమనిషి వ్రేలాడినట్లు! అందుచే ఎండలోను, పొయ్యి దగ్గఱను, బీరువాపైన రేకులకప్పు క్రిందను పెట్టరాదు. జిగురు వదలిన తోడనే కొమ్ము వంగును.

వీణకు గుఱ్ఱమున్నట్లే దీనికిని గుఱ్ఱము కలదు. కాని దానిని అతుకరు. తీగల అదుముడు చేతనే అది నిలిచియుండును. మా వాద్యము ప్రయాణమున కుదుపులకు లోనై వచ్చుటచే ఉత్తతీగ శ్రుతిలో నున్నను పైమెట్లపై స్వరము తప్పుచుండెను. వీణమెట్లు మైనములో కూర్చినవి కనుక మేళము కట్టువారు సవరింతురు. మాండొలిన్ మెట్లు చెక్కలో దిగగొట్టిన లోహపుకడ్డీలు, కదలవు. కాబట్టి గుఱ్ఱమునే కదపవలయును. పండ్రెండవ మెట్టు తీగకు సరిగా నడిమి. అచ్చట వ్రేలిని నొక్కక, ఊరక తాకించి మీటినచో గంటవంటి పైషడ్జము పలుకును. పిదప అదే మెట్టుపై నొక్కి మీటవలయును. రెండును కలిసినచో మేలు. నొక్కినది హెచ్చుగా నున్నచో గుఱ్ఱమును వెనుకకు, తగ్గుగా నున్నచో ముందునకు వెండ్రుకవాసి జరుపవలయును. తీగలను కొంచెము వదులుచేసి జరుపుట మంచిది. అన్నిటిని ఒక్కసారి తీసివేసినచో గుఱ్ఱము ఊడి చేతికి వచ్చును. మావారును మేమును ఒక ఆదివారమెల్ల దీనికే వినియోగించితిమి. గుఱ్ఱము మొత్తము జరిగినది బియ్యపుగింజంత.

ఇక అసలు ప్రశ్న: గమకము పలుకునా? దీనికై మేము నిద్రమాని ఆలోచించితిమి. స్ఫురితము చక్కగా పలుకుచున్నది. మెట్లు దగ్గఱగా నుండుటచే జంటవరుసలు చినుకులవలె పడును. జారు కూడ సాధ్యము. ఒక మెట్టునుండి ఇంకొక మెట్టునకు వ్రేలు నెత్తక జార్చినచో తీగ విడువక పలుకును. మాయామాళవగౌళలో సరళివరుసలు, మోహనలో గీతము ఇప్పటికి వచ్చినవి. కాని తోడి గాంధారము! వీణపై ఒకే మెట్టున తీగను ప్రక్కకు లాగి రెండుమూడు స్వరములు పైకి పోవచ్చును. ఇచ్చట తీగ పొట్టిది, బిగువైనది, పైగా జంట. లాగినచో రెండు తీగలును సమముగా లాగబడవు; ఒకటి ముందు, ఒకటి వెనుక. జగడమాడు తోడికోడండ్రవలె రెండు వేఱువేఱు స్వరములు పలుకును. శ్రీనివాస్ ఈ చిక్కును గుర్తెఱిగియే జంటలను తీసివేసి, ఒంటితీగలు అయిదు వేసి, విద్యుత్తుతో నాదమును పెంచుకొనెను. ఆ త్రోవ కచేరీలకు తగినది. మా యింటిలో విద్యుత్తుతో పెంచిన నాదమునకు చోటు లేదు. పెంచనిదే ఎక్కువైనదని మామగారి అభిప్రాయము.

చోటన్న మాట వచ్చినది కనుక చెప్పుచున్నాము. మా వీధిలో మాకు తెలిసి మూడిండ్లలో వీణలున్నవి. మూడును పుట్టింటినుండి సారెతో వచ్చినవే. రెండు పాతచీరలలో చుట్టబడి అటకపై నున్నవి. ఒకటి బైఠకగదిలో అలంకారముగా నున్నది, దానికి తీగలు లేవు. బొబ్బిలి పనసవీణ యెదుట ఈ వాద్యము బొమ్మవంటిదని మాకు తెలియక కాదు. కాని వీణకు నాలుగడుగుల నేల వలయును, విప్పుటకును చుట్టుటకును సమయము వలయును, అంతసేపును ఎవరును పిలువకుండవలయును. మాండొలిన్ మేకునకు వ్రేలాడును. పాలు పొంగువఱకు పది నిమిషములున్నచో తీసి సరళివరుస వాయించి మరల తగిలింపవచ్చును. మా సాధనలో సగము ఇట్టి తునకలే. రాత్రివేళ గుఱ్ఱము దగ్గఱ తీగల క్రింద చేతిరుమాలు మడతపెట్టి దూర్చినచో నాదమణగి ప్రక్కగదికి వినబడదు. అత్తగారి నిద్ర చెడదు.

వ్రేళ్ల బాధ దాచనక్కఱలేదు. మొదటి వారము ఎడమచేతి నాలుగు వ్రేళ్ల కొనలపై జంటతీగల గాట్లు రెండేసి గీతలుగా పడినవి. ఆ గాట్లతో పచ్చిమిరపకాయలు తఱిగిన నాటి మంట ఇంకను మఱువలేదు. చేతికి నూనె రాచి తఱిగినచో కొంత నయము. అన్నిటికన్న నయము వంట ముగించి, చేతులు సబ్బుతో రెండుమార్లు కడిగి, పిదప వాద్యమును తాకుట. లేకున్న కారము తీగలకంటి, తీగలనుండి వ్రేళ్లకు, వ్రేళ్లనుండి కంటికి వచ్చును. వాయించిన పిదప తీగలను పొడిగుడ్డతో తుడువవలయును. ఉక్కుతీగలు, మన కోస్తాగాలికిని చెమటకును పది దినములలో నల్లబడుచున్నవి. పసుపుచేతితో ముట్టుకొన్నందున పైపలక అంచున ఒక మరక నిలిచినది. మా అమ్మాయి దానిని బొట్టు అనుచున్నది.

ఆ పిల్లకు పదకొండేండ్లు. ప్రతిదినము తల్లి యేడిపించు తప్పుస్వరములను వినుచు పాఠము చదువుకొనుచున్నది. మొన్న "అమ్మా, ఇవాళ పదకొండుసార్లు ఒకే చోట తప్పావు" అని లెక్కచెప్పెను. తండ్రి పోలిక. అత్తగారు వత్తులు చేసికొనుచు అచ్చటనే యుండిరి. "పదకొండోసారి సరిగానే పలికింది, నువ్వు సరిగా వినలేదు" అనిరి. గాజుల మాట ఆమె మరల నెత్తలేదు, మఱువను లేదు. రాబోవు రెండేండ్ల పద్యపాఠముల సొమ్ము గాజులకేనని మేమును మాట యిచ్చితిమి.

ఇప్పుడు మా యింట నడుచుచున్న వాదమొకటి యున్నది. ప్రతి జంటలోను ఒక తీగ తీసివేసి నాలుగు ఒంటితీగలతో వాయించినచో గమకము సులభమగునని మా తలంపు. అట్లు చేసినచో లాగుడు సగమై గుఱ్ఱము సరిగా నిలువదనియు, నాదము పలుచనై జిట్రేగి కొన్న ఫలము పోవుననియు మావారు. రెండు వాదములలోను పస యున్నది. పైజంటలో మాత్రమొక తీగ తీసి పదిదినములు చూతమని సంధి కుదిరినది. ఇట్టి ప్రయత్నమును ముందే చేసిన సోదరీమణులున్నచో ఏ లావు తీగ వాడిరో, తోడి గాంధారము ఎంతవఱకు పలికెనో పత్రికకు వ్రాయ ప్రార్థన.